పాతచిత్రములు: చూచుట, చూపుట



కావ్యమును చదివి ఆనందింతుము. గానమును విని ఆనందింతుము. నాటకమును చూచి ఆనందింతుము. చలనచిత్రమున ఈ మూడును ఒక్కచోట చేరినవి. అయినను మన తరగతి గదులలో ప్రబంధమును గూర్చి పాఠము చెప్పునంతటి శ్రద్ధతో చలనచిత్రమును గూర్చి చెప్పువారు అరుదు. సినిమా యనగా కాలక్షేపమనియు, చదువునకు ఆటంకమనియు పెద్దల అభిప్రాయము. అందు కొంత సత్యము లేకపోలేదు. కాని మంచి చిత్రము మంచి పుస్తకము వంటిదే. పుస్తకమునకు లేని కష్టమొకటి మాత్రము దానికి కలదు. పుస్తకమును బీరువానుండి తీసి ఎవరైనను ఒంటరిగా చదువుకొనవచ్చును. మా కాలమున పాతచిత్రమును ఎవరో ఒకరు వెదకి తెచ్చి, యంత్రమునకు ఎక్కించి, గది చీకటి చేసి, పదిమందికి చూపవలసి యుండెను. చూపువారు లేనిచో అది ఉండియు లేనట్లే. నేనీ కళాశాలలో తెలుగు ఉపన్యాసకుడనుగా చేరిన తొలి సంవత్సరముననే ఈ సంగతిని ఎట్లు తెలిసికొంటినో చెప్పుటకే ఈ వ్యాసము.

డేరా సినిమా

మాది చంద్రగిరికి చేరువనున్న ఒక చిన్న పల్లె. 1950వ దశకము చివర, వేరుసెనగ పంట ఇల్లు చేరి చేతిలో నాలుగు డబ్బులు ఆడు రోజులలో, టూరింగు టాకీసువారు వచ్చి ఊరి బయలున డేరా వేయుచుండిరి. సాయంకాలము లౌడుస్పీకరులో ఘంటసాలవారి వేంకటేశ్వరస్తుతి వినబడెనా, టికెట్లు ఇచ్చుచున్నారని అర్థము. ఆ పాట విని అన్నము సగములో విడిచి పరుగెత్తినవారు మా ఊర పెక్కుమంది కలరు. డేరాలో నేల, బెంచీ, కుర్చీ అని మూడు తరగతులు. నేలపై కూర్చున్న పిల్లలము ఇసుకను కుప్పగా పోసికొని దానిపై ఎక్కి కూర్చుండెడివారము. వెనుకనున్నవారు తిట్టగానే ఆ గద్దె కూలిపోవుచుండెను.

డేరాలో యంత్రము ఒక్కటే యుండెను. కావున ఒక రీలు ముగియగానే దీపములు వెలుగును. మురుకులు, సోడాలు అమ్మువారు లోనికి వత్తురు. మరల చీకటి యగును. సినిమా యనగా మధ్యమధ్య ఆగునదియే యని నేను చాలకాలము నమ్మియుంటిని.

ఆ డేరాలోనే ‘పాతాళభైరవి’ని, ‘మాయాబజారు’ను తొలిసారి చూచితిని. ఈ రెంటికిని దర్శకులు కె.వి. రెడ్డిగారు. ఆయన అనంతపురము జిల్లా తాడిపత్రివారు. నిర్మాతలలో నొకరైన బి. నాగిరెడ్డిగారు కడప జిల్లావారు. అనగా మన రాయలసీమవారు మదరాసు చేరి యావదాంధ్రదేశమునకు కథలు చెప్పినారన్నమాట. 1951లో వెలువడిన ‘పాతాళభైరవి’, 1952లో మన దేశమున జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ప్రదర్శింపబడినది. మా ఇసుక గద్దెలకు ఆ సంగతి తెలియదు.

1957 నాటి ‘మాయాబజారు’ చూచి ఇంటికి నడచి వచ్చుచుండగా, అక్షరము ముక్క రాని మా అవ్వ, “బొమ్మ బాగుండాది గానీ, పాండవులు యాడికి పొయినార్రా?” అని అడిగెను. మేమందరము నవ్వితిమి. ఎం.ఎ. చదువునాటికి గాని ఆ ప్రశ్నలోని సూక్ష్మము నాకు బోధపడలేదు. పాండవుల కుటుంబకథయైన ఆ చిత్రమున పాండవులు ఐదుగురిలో ఒక్కరును తెరపై కానరారు. వారి కష్టము కథకు కారణము. వారి రూపము కథకు అనవసరము. చెప్పవలసినదేదో, విడువవలసినదేదో ఎరుగుట కవికి ఎంత ముఖ్యమో దర్శకునకును అంతే ముఖ్యము. ఈ విమర్శను నేను మొదట విన్నది మా అవ్వ నోటనే.

యంత్రము పనిచేయు తీరు

మీలో పలువురు ఫిలిమును చేతితో తాకి యుండరు. ఇక ముందు చెప్పబోవునది అర్థమగుటకు యంత్రమును గూర్చి కొంత తెలియవలెను.

ఫిలిముపై బొమ్మ కదలదు. సెకనుకు 24 నిశ్చలచిత్రములు ఒకదాని వెంట నొకటి దీపము ముందు క్షణకాలము నిలిచి ముందుకు సాగును. కదలు సమయమున మూత అడ్డుపడి వెలుగును ఆపును. మన కన్నును మనస్సును కలిసి ఆ నిశ్చలచిత్రములను కదలికగా గ్రహించును. సినిమా హాళ్లలో వాడినది 35 మిల్లీమీటర్ల ఫిలిము. కళాశాలలకు, వసతి గృహములకు, తిరునాళ్లకు తెచ్చినది 16 మిల్లీమీటర్లది. ఈ చిన్న ఫిలిమున అడుగునకు 40 బొమ్మలుండును. లెక్క వేసికొనుడు: నిమిషమునకు 36 అడుగులు, 1600 అడుగుల రీలు సుమారు 44 నిమిషములు. మూడు గంటల చిత్రము నాలుగైదు రేకు డబ్బాలలో ఇమిడిపోవును.

బొమ్మ ఆగి ఆగి కదలవలెను. శబ్దము ఆగక సాగవలెను. అందుచేత యంత్రమున బొమ్మను చూపు చోటు వేరు, శబ్దమును చదువు చోటు వేరు. 16 మిల్లీమీటర్ల ఫిలిమున ఒక మాటకు చెందిన శబ్దరేఖ, దాని బొమ్మకంటె 26 బొమ్మల ముందు అచ్చుపడి యుండును. ఈ రెండు చోట్ల నడుమ ఫిలిమును కొంత వదులుగా వంచి విడువవలెను. ఆ వదులు తప్పినచో బొమ్మ గంతులు వేయును. పెదవికి మాట కలియదు. ఫిలిము అంచు చిల్లులు చిరుగును. అరువు తెచ్చిన ప్రింటు చిరిగినచో నష్టపరిహారము మనదే.

ఒకనాటి ప్రదర్శన

1973 డిసెంబరు 30వ తేదీన చిత్తూరు వి. నాగయ్యగారు పరమపదించిరి. ఆయన 1904లో గుంటూరు సీమలోని రేపల్లెలో జన్మించినను, చిత్తూరు నాటకరంగము ఆయనకు ఇంటిపేరైనది. త్యాగయ్య, పోతన, వేమన యనగానే ఆ తరమువారి కన్నులయెదుట నిలుచునది నాగయ్యగారి ముఖమే. 1965లో పద్మశ్రీ బిరుదము నందిన ఆ మహానటునకు నివాళిగా 1947 నాటి ‘యోగి వేమన’ను మన కళాశాలలో చూపవలెనని నిశ్చయించితిమి. మదరాసునుండి ప్రింటును అద్దెకు తెప్పించితిమి. భౌతికశాస్త్ర శాఖవారి యంత్రమును, వసతి గృహము దుప్పటి రెంటిని కలిపి కుట్టిన తెరను సిద్ధపరచితిమి. యంత్రమును నడపు బాధ్యత, వయస్సున చిన్నవాడనగుటచే, నాకప్పగింపబడెను.

మొదటి రీలు చక్కగా నడచినది. రెండవ డబ్బా తెరచి ఫిలిమును ఎక్కించితిని. తెరపై భోగియైన వేమనకు బదులు విరాగియైన వేమన ప్రత్యక్షమయ్యెను. రెండవ డబ్బాలో మూడవ రీలున్నది! డబ్బాలపై చీటీలను నమ్మి, లోపల చూడకపోవుట నా తప్పు. విద్యార్థులు ఈలలు వేసిరి, బెంచీలు బాదిరి. యంత్రమును ఆపి దీపములు వెలిగించితిని. నడచిన భాగమును వెనుకకు చుట్టి, సరియైన రీలును వెదకి ఎక్కించుటకు పావుగంట పట్టును. ఆ పావుగంట ఆ గుంపును నిలుపుట నా వలన అగునది కాదు.

అప్పుడు మా కళాశాల వృద్ధ అటెండరు లేచిరి. ఉర్దూ విద్యార్థులును తెలుగు విద్యార్థులును ఆయనను చాచా యనియే పిలుచుచుండిరి. ఆయన తెర ముందుకు వచ్చి, “అరవద్దండి నాయనా. బొమ్మ యాడికీ పోలేదు, డబ్బాలో ఉండాది. అది వచ్చేదాకా నేను చెప్తా, వినండి” అనిరి. వేమన అన్నగారి యిల్లు, ఆ యింట ముద్దుగా పెరుగుచున్న జ్యోతి యను చిన్నపాప, వేశ్యపై వేమనకు గల వ్యామోహము, బంగారము చేయవలెనను పిచ్చి, అన్నియు ఆయన తన చిత్తూరు తెలుగులో, నడుమ నడుమ ఉర్దూ మాటలతో చెప్పుకొనిపోయిరి. వేశ్యను గూర్చి చెప్పునప్పుడు పిల్లలు నవ్విరి. పాపను గూర్చి చెప్పునప్పుడు ఊరకుండిరి. పాపకు జబ్బు చేసినదను చోటికి వచ్చి చాచా ఆగిపోయిరి. “దీని తరువాత నేను చెప్పలేను. మీరే చూడండి” అని వెళ్లి తలుపు ప్రక్కనున్న తన ముక్కాలిపీటపై కూర్చుండిరి.

అప్పటికి రీలు సిద్ధమైనది. పాప మరణము, శ్మశానమున వేమన మనస్సు మారుట తెరపై సాగుచుండగా, కొంతసేపటి క్రిందట బెంచీలు బాదిన ఆ గదిలో యంత్రము చప్పుడు తప్ప మరియొక చప్పుడు లేదు.

ప్రదర్శన ముగిసిన పిమ్మట రీళ్లను వెనుకకు చుట్టుచుండగా చాచా దీపము పట్టుకొని నా ప్రక్కన నిలిచిరి. కథనంతయు అంత చక్కగా ఎట్లు జ్ఞాపకముంచుకొంటిరని అడిగితిని. ఆ చిత్రము వచ్చిన యేట చిత్తూరులో మూడుమార్లు చూచితిననియు, ఆ యేడే తన అయిదేండ్ల కూతురు అమ్మవారు పోసి చనిపోయెననియు చెప్పిరి. “మూడుసార్లూ ఆ రీలు కాడ లేచి బయటికి పొయినా అయ్యవారూ. ఈ పొద్దే కూసోని చూసినా” అనిరి. నేనేమియు బదులు చెప్పలేకపోతిని. డబ్బాల చీటీలను సరిచేసి వ్రాసి అంటించితిని.

రెండు భాషల సభ

ఆనాటినుండి మేము మూడు నియమములు ఏర్పరచుకొంటిమి. ప్రదర్శనకు ముందే ప్రతి డబ్బా తెరచి, ప్రతి రీలు తల చూడవలెను. చిత్రమునకు ముందు పది నిమిషములు దాని కాలమును, కథానేపథ్యమును, కఠినపదములను వివరింపవలెను. ముగిసిన పిమ్మట, ఆ చిత్రమును తొలినాడు చూచిన పెద్దలు సభలో ఉన్నచో, వారిచేత రెండు మాటలు చెప్పింపవలెను. ఈ మూడవ నియమమే అన్నిటికంటె ఎక్కువ ఫలమిచ్చినది.

మనది రెండు భాషల కళాశాల. ఒక నెల తెలుగు చిత్రము, ఒక నెల ఉర్దూ సంభాషణల చిత్రము అని వంతు పెట్టుకొంటిమి. 1951 నాటి ‘మల్లీశ్వరి’ని, 1960 నాటి ‘మొఘల్-ఎ-ఆజం’ను వరుస నెలలలో చూపుట నాకు బాగుగా జ్ఞాపకము. మొదటిదానికి దర్శకులు బి.ఎన్. రెడ్డిగారు; దక్షిణదేశమున దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును మొదట పొందినది వారే. మాటలు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివి. సంగీతము సాలూరి రాజేశ్వరరావుగారిది. రెండవదానికి దర్శకులు కె. ఆసిఫ్‌గారు, సంగీతము నౌషాద్‌గారిది.

ఈ రెండు చిత్రములను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. ‘మల్లీశ్వరి’లో పల్లెపడుచు రాణివాసమునకు కొనిపోబడును, శిల్పియైన బావకు దూరమగును. మారువేషమున వచ్చిన రాయలవారితో ఆ బావ పరిహాసముగా పలికిన పలుకే పల్లకియై వచ్చి మల్లిని తీసికొనిపోవును. ‘మొఘల్-ఎ-ఆజం’లో అంతఃపురమున నాట్యమాడు అనార్కలి యువరాజు ప్రేమకు పాత్రమై చక్రవర్తి ఆగ్రహమునకు గురియగును. రెండింటను రాజు దుర్మార్గుడు కాడు. రెండింటను రాజు శాసనము ప్రేమికులకు ఉరియై నిలుచును. రెండింటను తుదకు ఆ రాజే ప్రాణభిక్ష పెట్టును. కాని రాయల క్షమ అందరి యెదుట వెల్లడియగును. అక్బరు క్షమ సొరంగమార్గమున రహస్యముగా సాగును. ఒకరికి క్షమ కీర్తి. మరియొకరికి అది సింహాసనమునుండి దాచుకొనవలసిన బలహీనత. ఈ తేడాను మొదట గుర్తించి లేచి చెప్పినది ఉర్దూ శాఖ విద్యార్థి యొకడు. వానికి ‘మల్లీశ్వరి’ తెలుగు సగమే తెలిసినది. మిగిలిన సగమును ప్రక్కనున్న మిత్రుడు చెవిలో చెప్పెను. మరునెల ఆ మిత్రునికి ఇతడు ‘మొఘల్-ఎ-ఆజం’ సంభాషణలను అట్లే చెప్పెను. ఉపన్యాసములవలన కలుగని స్నేహము ఆ గుసగుసలవలన కలిగినది.

‘మల్లీశ్వరి’ చూచిన ఆదివారము పిల్లలను చంద్రగిరి కోటకు తీసికొనిపోతిని. విజయనగర రాజుల కాలపు రాజమహలు ముందు నిలిచి, తెరపై చూచిన అంతఃపురమునకును ఈ కట్టడమునకును గల పోలికలు, తేడాలు వ్రాయుడంటిని. తిరుమల ఆలయమున తిరుమలదేవీ చిన్నాదేవీ సమేతుడైన కృష్ణదేవరాయల కంచు విగ్రహములు కలవు. చేతులు జోడించిన ఆ రాయలకును, చిత్రములోని రాయలకును పోలిక ఏమి? ఇట్లు ప్రశ్నించుకొనుచు పోయినచో చలనచిత్రము చరిత్రపాఠమునకు వాకిలి యగును. అది చరిత్రయే యని భ్రమపడరాదు. కల్పన ఎక్కడ మొదలైనదో కనుగొనుటయే పాఠము.

నశించిన చిత్రములు

ఇప్పుడొక విచారకరమైన సంగతి. మన దేశపు మొదటి మాటలాడు చిత్రము ‘ఆలం ఆరా’; 1931 మార్చి 14న విడుదలయినది; సంభాషణలు హిందుస్తానీ. సంపూర్ణముగా తెలుగు మాట్లాడిన మొదటి చిత్రము ‘భక్తప్రహ్లాద’, 1932లో వచ్చినది, దర్శకులు హెచ్.ఎం. రెడ్డిగారు. రెండింటికిని నిర్మాత అర్దేషిర్ ఇరానీగారే. మన కళాశాల రెండు భాషలకును తొలి పలుకులైన ఈ రెండు చిత్రములలో ఒక్కదాని ప్రింటును నేడు లేదు. 1921లో రఘుపతి వెంకయ్యగారు నిర్మించిన మూకీ చిత్రము ‘భీష్మప్రతిజ్ఞ’యు అట్లే నశించినది.

ఎందుకు నశించినవి? 1950వ దశకము తొలినాళ్లవరకు వాడిన నైట్రేటు ఫిలిము సులభముగా మండును. నీటిలో ముంచినను ఆరదు. తరువాత వచ్చిన అసిటేటు ఫిలిము మండదు గాని, వేడికి, తేమకు విరిగి పుల్లని వాసన వేయును, ముడుచుకొనిపోవును. మన సీమ ఎండలలో రేకు గదులలో పడియున్న ప్రింట్ల గతి ఊహించుకొనుడు. పాతచిత్రమునకు విలువ లేదని తలచి, ఫిలిములోని వెండికొరకు అమ్మివేసినవారును కలరు. చిత్రములను భద్రపరచుటకు 1964లో పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము ఏర్పడినది. పి.కె. నాయర్‌గారు దశాబ్దములపాటు ఊరూర వెదకి రీళ్లను చేర్చిరి. ఆ భాండాగారముననే 2003లో అగ్నిప్రమాదము జరిగి నైట్రేటు చిత్రములు అనేకము బూడిదయినవి. 2022లో ఆ సంస్థ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైనది.

ఇప్పటి స్థితి వేరు. 2004లో ‘మొఘల్-ఎ-ఆజం’, 2010లో ‘మాయాబజారు’ రంగులు పులుముకొని మరల హాళ్లకు వచ్చినవి. రంగులు వేయుట తప్పా ఒప్పా యని వాదములు జరిగినవి. నలుపు తెలుపులలో వెన్నెల కురిపించిన ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్లేగారి పనితనమును చూడదలచినవారు మాయాబజారును పాతరూపముననే చూడవలెనని నా మనవి. కాని ఆ రంగులవలన ఒక తరము పిల్లలు హాలులో కూర్చుండి ఘటోత్కచుని చూచి నవ్విరన్నది కూడ నిజము. నేడు చేతిలోని ఫోనులో ఏ చిత్రమైనను క్షణములో వచ్చును. డబ్బాలు తారుమారగు భయము లేదు. కాని కష్టమైన చోట వ్రేలితో ముందునకు తోసివేయు సౌకర్యము కూడ వచ్చినది. చాచా మూడుమార్లు లేచిపోయిన ఆ రీలును నేడెవరైనను ఒక్క స్పర్శతో దాటిపోగలరు. లేచిపోవుటకును దాటిపోవుటకును భేదము కలదు. లేచిపోయినవానికి తానేమి చూడలేకపోయెనో తెలియును.

మీరు చేయదగినవి

మొదటిది: ఈ సంవత్సరము ఒక్క పాతచిత్రమునైనను మిత్రులతో కలిసి, మొదటినుండి తుదివరకు, ఆపకుండ చూడుడు. చూచిన పిమ్మట అరగంట మాటలాడుకొనుడు. దర్శకుడు ఏమి చూపెను, ఏమి చూపక విడిచెను అను రెండు ప్రశ్నలు చాలును.

రెండవది: మీ ఇంటి పెద్దలను, అవ్వలను, నానీలను, తాతలను అడుగుడు. వారు మొదట చూచిన బొమ్మ ఏది, ఏ ఊర, ఏ డేరాలో, ఎవరితో చూచిరి? వారి మాటలను వారి భాషలోనే వ్రాసి యుంచుడు. డేరా పోయినది, ఆ జ్ఞాపకములు వారితోపాటు పోవును.

మూడవది: పాత పెట్టెలలో అణాకు అర్ధణాకు కొన్న పాటల పుస్తకములు, కరపత్రములు ఉన్నచో చిత్తుకాగితములకు అమ్మనీయకుడు. నశించిన చిత్రములను గూర్చి మనకు తెలియునది చాలవరకు అట్టి కాగితముల వలననే.

చాచా ఉద్యోగము విరమించిన దినమున ఏ చిత్రము వేయమందురని అడిగితిని. మరల ‘యోగి వేమన’యే కోరిరి. ఆనాడు డబ్బాలన్నిటిని ముందే తెరచి చూచితిని. రీళ్లన్నియు వరుసలోనే యున్నవి. అయినను రెండవ రీలునకు ముందు యంత్రమును ఆపి, దీపములు వెలిగించి, ఆయనను తెర ముందుకు పిలిచితిని. ఆయన కథ చెప్పిరి. ఈసారి పాప కథను కూడ తుదివరకు చెప్పిరి.